పాత పికప్‌కు పెద్ద డీజిల్ ట్యాంకు బిగించొచ్చా? ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

పెందుర్తి నుంచి కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే పికప్ వ్యాన్లు తెల్లవారకముందే బయల్దేరతాయి. వెళ్లేటప్పుడు కిరాణా సరుకు, సిమెంటు. వచ్చేటప్పుడు కూరగాయలు, అల్లం, పసుపు. కొన్ని బండ్లు ఘాట్ దాటి ఒడిశాలోని కోరాపుట్ వరకూ వెళతాయి.

ఈ బండ్లలో పదేళ్లు దాటినవి కూడా ఉంటాయి. సముద్రపు గాలికి, వర్షాకాలపు బురదకు డీజిల్ ట్యాంకు అడుగున, పట్టీల కింద తుప్పు పడుతుంది. ఎలాగూ ట్యాంకు మార్చాలి కదా అనుకున్నప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: ‘‘ఇంకాస్త పెద్దది బిగిస్తే పోలా?’’

దీనికి కారణం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌తో పోలిస్తే ఒడిశాలో డీజిల్ సాధారణంగా లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అక్కడ ఎక్కువ కొట్టించుకుంటే మిగులుతుందన్నది లెక్క. మరి ఈ లెక్క నిజంగా కలిసొస్తుందా? చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

చట్టం ఏం చెబుతోంది?

ముందుగా ఒక తేడా గమనించాలి. పాడైన ట్యాంకు తీసి, అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే అదే సైజు ట్యాంకు బిగిస్తే అది మరమ్మతు. అంతకన్నా పెద్దది బిగిస్తే అది మార్పు. చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చేయడానికి వీల్లేదని స్పష్టం చేసింది.

‘‘ఆర్‌సీలో ట్యాంకు ఎన్ని లీటర్లో రాయరు కదా?’’ అని అడగొచ్చు. నిజమే, ఆ వివరం ఆర్‌సీలో ఉండదు. కానీ ఖాళీ బండి బరువు ఉంటుంది. ట్యాంకు మారితే ఆ బరువూ మారుతుంది. పైగా కంపెనీ ఆమోదం పొందిన నమూనాలో ట్యాంకు, దాన్ని బిగించే చోటు కూడా భాగమే.

2019లో చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

రవాణా వాహనం ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాల్సిందే. కాబట్టి పాత పికప్‌కు చేసిన మార్పు ఎప్పుడో ఒకప్పుడు అధికారుల కంట పడుతుంది.

డబ్బు లెక్క ఏమిటి?

కొత్త ట్యాంకులో 40 లీటర్లు అదనంగా పడతాయని, రెండు రాష్ట్రాల మధ్య తేడా లీటరుకు 4 రూపాయలని అనుకుందాం. ఒక్కసారి నింపితే మిగిలేది 160 రూపాయలు. ఒక్క జరిమానా 5,000 రూపాయలు పూడాలంటే 31 సార్లకు పైగా నింపాలి. ట్యాంకు ఖరీదు, బిగింపు కూలి దీనికి అదనం.

ఎలాగూ ఒడిశా వెళ్లే బండికే ఈ లెక్క వర్తిస్తుంది. అరకు వరకు వెళ్లి వెనక్కి వచ్చే బండికి ఆ మిగులు కూడా ఉండదు. దారిలో ఎస్.కోటలో, అరకులో బంకులున్నాయి.

బరువు సంగతీ చూడాలి. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు. 40 లీటర్లంటే దాదాపు 33 కిలోలు. అంటే సిమెంటు బస్తాలో మూడింట రెండొంతులు. ఆర్‌సీలోని మొత్తం బరువు పరిమితి పెరగదు కాబట్టి ఆ మేరకు సరుకు తగ్గించుకోవాలి. పరిమితి దాటితే ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది.

ప్రమాదం ఎక్కడ?

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర జరిగిన బస్సు ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది చనిపోయారు. ఆ బస్సు ట్యాంకును ఎవరో మార్చారని కాదు. గుద్దుకున్నప్పుడు ట్యాంకు ఎక్కడుంది, ఎంత గట్టిగా ఉంది అన్నది ప్రాణాల మీదకు వచ్చే విషయమని ఆ ఘటన చెబుతుంది.

షెడ్డులో రేకు కొట్టి చేసిన ట్యాంకులో సాధారణంగా ఇవి తేడా చేస్తాయి:

- లోపల అడ్డు పలకలు లేకపోతే ఘాట్ మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు డీజిల్ ఒక్కసారిగా ఒక పక్కకు ఒరుగుతుంది. అతుకులు, పట్టీలు వదులవుతాయి.
- గాలి పోయే పైపు సరిగ్గా లేకపోతే డీజిల్ ఇంజిన్‌కు సాఫీగా అందదు, లేదా ఎండకు పొంగి బయటకు కారుతుంది.
- సైలెన్సర్‌కు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు దగ్గరగా వస్తే వేడి, రాపిడి.
- మరీ కిందకు వేలాడితే స్పీడ్ బ్రేకర్లకు, రాళ్లకు తగులుతుంది.
- జీఐ రేకు వాడకూడదు. దాని జింకు పూత డీజిల్‌తో కలిసి ఫిల్టర్, ఇంజెక్టర్లను పాడు చేస్తుంది.
- పాత ఫ్లోట్ కొత్త ట్యాంకు లోతుకు సరిపోదు. మీటరు తప్పు చూపిస్తుంది.

మరో మాట. పాత ట్యాంకు ఖాళీగా ఉందని నేరుగా వెల్డింగ్ పెట్టించొద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

మరి ఏం చేయాలి?

1. బండి మాన్యువల్‌లో ట్యాంకు సైజు చూడండి. ఛాసిస్ నంబరుతో అధీకృత డీలర్ దగ్గర అదే పార్టు అడగండి. చాలామందికి ఇంతటితో పని పూర్తవుతుంది.
2. పెద్దదే కావాలంటే, మీ మోడల్‌కు కంపెనీ పెద్ద ట్యాంకు ఇచ్చిందా అని డీలర్‌ను రాతపూర్వకంగా అడగండి. లేదంటే ఆ ఆలోచన అక్కడితో ఆపేయడం మంచిది.
3. ఉందంటే, ఆ కాగితంతో బిగించకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. వాహనంలో మార్పులకు పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు సౌకర్యం ఉంది. ‘‘ముందు బిగిద్దాం, తర్వాత చూద్దాం’’ అనే మెకానిక్ మాట వినొద్దు. జరిమానా పడేది యజమానికి.
4. బీమా కంపెనీకి ముందే తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో గొడవకు దారితీయొచ్చు.
5. బిల్లులు, అనుమతి పత్రాలు బండిలో ఉంచుకోండి.

కోరాపుట్ బంకులో లీటరుకు నాలుగు రూపాయలు మిగలొచ్చు. కానీ అనంతగిరి ఘాట్‌లో బండి కింద ఉన్న ట్యాంకును నమ్ముకునే కదా డ్రైవరు మలుపు తిప్పేది. పాతది పాడైతే కంపెనీ సైజుదే కొత్తది వేయించండి. పాత పికప్‌కు అదే చవక.