వాకిట్లో మంచాలేవి?

2018 మార్చి. జోగులాంబ గద్వాల జిల్లాలో ఎండలు ముదురుతున్నాయి. ఆ రోజుల్లో చీకటి పడితే మంచాలు వాకిట్లోకి రావాలి. ఊరు చూడటానికి వెళ్లిన ఒక కానిస్టేబుల్‌కు మాత్రం వాకిళ్లు ఖాళీగా, తలుపులు గడియపెట్టి కనిపించాయి. ఏమైందని అడిగితే జనం ఫోన్లు తీసి చూపించారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు! అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో ఊరి బాగోగులు ఒక్కో పోలీసుకు అప్పగించి ఉండబట్టి ఆ సంగతి పైదాకా వెళ్లింది. తర్వాత డప్పులతో, పాటలతో ఊరూరా అది పుకారని చెప్పించారు. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల ఇలాంటి పుకార్లకు అమాయకులు బలయ్యారు. ఆమె పరిధిలోని ఊళ్లలో ప్రాణం పోలేదు.

డప్పు గురించి పత్రికలు రాశాయి. నాకు మాత్రం లేని మంచాన్ని చూసిన ఆ కన్ను గొప్పదనిపిస్తుంది.

అలాంటి పుకారును జనమే పట్టుకోవాలంటే? ఏ సమాచారం ఎక్కణ్నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని తేల్చుకునే నేర్పును సమాచార అక్షరాస్యత అంటున్నారు. 1974లో అమెరికాలో పాల్ జర్కోవ్‌స్కీ వాడిన మాట ఇది. దాన్ని నేర్పే బాధ్యత ఎక్కువగా లైబ్రేరియన్ల మీద పడింది. వాళ్లు చేసేది సాధారణంగా ఒక్క పీరియడ్ క్లాసు: కేటలాగ్ ఇలా వెతకాలి, వెబ్‌సైట్‌ను ఇలా పరీక్షించాలి. పిల్లలు తలూపుతారు, గంట కొట్టగానే బయటికొచ్చి మళ్లీ పాత దారే పడతారు.

2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు బిహార్‌లోని గయ ప్రాంతంలో సుమిత్ర బద్రీనాథన్ అనే పరిశోధకురాలు ఇలాంటి ఒక్కసారి పాఠం పనిచేస్తుందా అని పరీక్షించి చూశారు. ఇళ్లకు మనుషుల్ని పంపి, గంటసేపు కూర్చోబెట్టి, తప్పుడు వార్తను పట్టుకునే కిటుకులు చెప్పించారు. తర్వాత చూస్తే, చెప్పించుకున్నవాళ్లకూ చెప్పించుకోనివాళ్లకూ మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే బిహార్‌లో తర్వాత గ్రామ లైబ్రరీల్లో వారాల తరబడి నడిపిన తరగతులు ఫలితమిచ్చాయి. అంటే చదువు పనికిరాదని కాదు, పైపైన చెబితే తలకెక్కదని.

మరి ఏం చెప్పాలో, ఎవరికి ఏది అడ్డమో ఎలా తెలుస్తుంది? ఇక్కడే పార్టిసిపేటరీ యాక్షన్ రీసెర్చ్ అనే పద్ధతి అక్కరకొస్తుంది. సమస్య ఎవరిదో వాళ్లే పరిశోధకులు. ఒక మార్పు చేసి చూస్తారు, ఏమైందో గమనిస్తారు, కూర్చుని మాట్లాడుకుంటారు, మళ్లీ మొదలుపెడతారు. ఈ చక్రాన్ని 1940లలో గీసి చూపింది మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్. కొలంబియాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్దా లాంటివాళ్లు దానికి పదును పెట్టారు: రైతు దగ్గర సమాచారం గుంజుకుపోయి పుస్తకం రాసుకునేది పరిశోధన కాదన్నారు. ఢిల్లీలో 1982లో పుట్టిన ప్రియా (PRIA) అనే సంస్థది కూడా ఆ బాటే.

లైబ్రరీకి ఈ చూపు ఎలా పనికొస్తుందో చెప్పడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం కథ నాకిష్టం. 2004లో అక్కడి లైబ్రరీ నాన్సీ ఫ్రైడ్ ఫోస్టర్ అనే మానవ శాస్త్రవేత్తను పనిలో పెట్టుకుంది. విద్యార్థుల చేతికి వాడి పారేసే కెమెరాలిచ్చి, ఒక జాబితా ఇచ్చారు. క్లాసుకు మోసుకెళ్లే సామాను, లైబ్రరీలో దారి తప్పినట్టనిపించే చోటు, ఇలాంటివన్నీ ఫొటో తీసుకురమ్మన్నారు. ఆ ఫొటోలు ముందు పెట్టుకుని మాట్లాడుతుంటే ఎవరూ ఊహించనిది బయటపడింది. వ్యాసం రాయడంలో చిక్కు వస్తే పిల్లలు లైబ్రేరియన్‌ను కాదు, అమ్మానాన్నలకు ఫోన్ చేసి అడుగుతున్నారు! దాంతో లైబ్రరీ వాళ్లు కొత్త విద్యార్థుల తల్లిదండ్రుల్ని టిఫిన్‌కు పిలిచారు. మీ పిల్లలు ఫోన్ చేస్తే, లైబ్రేరియన్‌ను అడగమని చెప్పండి అన్నారు.

అయితే రోచెస్టర్‌లో ప్రశ్నలు వేసింది లైబ్రరీయే, విద్యార్థులు కాదు. ఇంకో అడుగు వేస్తే ఎలా ఉంటుంది?

మన దగ్గర ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. లైబ్రేరియన్ పాఠం చెప్పకుండా పది మందికి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, వారం రోజులు నమ్మిన ప్రతి కబురూ, అది చెప్పినవాళ్లూ రాయమంటాడు. స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ సీనియర్ చెప్పాడు. ఉద్యోగ నోటిఫికేషన్ యూట్యూబ్‌లో చూసింది. షుగర్‌కు ఆకు మందు సంగతి పెదనాన్న పంపాడు. పది పుస్తకాలూ పక్కపక్కన పెడితే వాళ్లకే ఒకటి తడుతుంది: మనం నమ్మింది మాటను కాదు, పంపిన మనిషిని. అప్పుడు ప్రశ్న మారిపోతుంది. వెబ్‌సైట్‌ను ఎలా పరీక్షించాలన్నది వెనక్కి పోయి, పెదనాన్న నొచ్చుకోకుండా ఆయన పంపింది తప్పని ఎలా చెప్పాలన్నది ముందుకొస్తుంది. నాకు తెలిసి ఏ సిలబస్‌లోనూ ఆ పాఠం లేదు.

తేలికని మాత్రం అనను. మార్కులు వేసే చెయ్యే నోటుపుస్తకాన్నీ చదువుతుందంటే పిల్లలు అందులో మంచి అబద్ధాలు రాస్తారు. పైగా లైబ్రేరియన్‌కు ఓపికతోపాటు, తను రాసుకున్న పాఠాన్ని వాళ్లు చింపేస్తే చూస్తూ ఊరుకునే గుండె కావాలి. రెండో వారం ఆ పది మందీ పెదనాన్నకు ఫోన్ చేసే తీరులు నాలుగైదు అనుకుని, ఇళ్లలో ప్రయత్నించి, ఎవరికి తిట్లు పడ్డాయో, ఎవరి మాట చెల్లిందో రాసుకొస్తారు. మూడో వారం పాఠం ఆ తిట్లతోనే మొదలవుతుంది.