మీ వాచ్ రక్తనాళాల జబ్బును పట్టేస్తుందా?

ఆలేరులో ఉన్న నాన్నకి స్మార్ట్‌వాచ్ కొనిచ్చేసి "ఇక గుండె సేఫ్" అనుకుంటున్నారా? ఆగండి! వాచ్ వెనక మెరిసే పచ్చ లైటు చర్మం కింద రక్తప్రవాహాన్ని చూసి పల్స్ లెక్కిస్తుంది. కొత్త యాపిల్ వాచ్‌లు 30 రోజుల డేటా చూసి హైబీపీ ఉండొచ్చని హెచ్చరిస్తాయి, రీడింగ్ మాత్రం ఇవ్వవు. శాంసంగ్‌లో అయితే 28 రోజులకోసారి బీపీ మిషన్‌తో క్యాలిబ్రేట్ చేయాలి.

గుండె రక్తనాళంలో బ్లాక్‌ని మాత్రం ఏ వాచ్ కూడా చూపించలేదు. దానికి యాంజియోగ్రామ్ చేయాల్సిందే. బ్లాక్ తెరిచే స్టెంట్ చవగ్గా దొరకాలని 1998లోనే అబ్దుల్ కలాం, హైదరాబాద్ డాక్టర్ సోమరాజు కలిసి కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. 2012లో పల్లె వైద్యం కోసం ఓ ట్యాబ్లెట్ కూడా!

ఛాతీలో నొప్పి వస్తే వాచ్ చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి కాల్ చేయండి.