జంతువుల ప్రవర్తన - వర్ష సూచనలు

జంతువులు, పక్షులు, కీటకాల కదలికలను బట్టి వాన రాకను ముందుగా ఊహించే అలవాటు భారతదేశంలో ప్రాచీన కాలం నుండి ఉంది. వర్షాధార సేద్యంలో ఈ ఊహకు విలువ ఎక్కువ. తొలకరి జల్లును నమ్మి విత్తిన తరువాత వాన ముఖం చాటేస్తే మొలకలు మాడిపోతాయి, రైతు మళ్ళీ విత్తనాలు కొనుక్కోవలసి వస్తుంది.

బృహత్సంహితలో

6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో సద్యోవర్షానికి, అనగా వెంటనే కురిసే వానకు, గుర్తులను ఒక అధ్యాయంలో వివరించాడు. చీమలు గుడ్లను మోసుకొనిపోవడం, పాములు చెట్లెక్కడం, పిల్లులు గోళ్ళతో నేలను గీరడం, ఊసరవెల్లులు చిటారుకొమ్మలకు చేరి ఆకాశం వైపు చూడడం, ఆవులు తలలెత్తి సూర్యుని చూడడం వాటిలో కొన్ని. చీమల విషయంలో ఆయన పెట్టిన షరతు గమనించదగినది: ఎవరూ కదిలించకుండానే అవి గుడ్లను తరలించాలి. పుట్టను కెలికితే చీమలు ఎలాగూ గుడ్లు మోస్తాయి కదా! (మనకు కనబడే ఆ తెల్లని "గుడ్లు" చాలావరకు చీమల లార్వాలు, ప్యూపాలు.)

శాస్త్రీయ దృష్టి

ఇటువంటి తక్షణ సూచనలలో కొన్నింటికి ఆధారం ఉండే అవకాశం ఉంది. గాలిలో తేమ, పీడనం మారినప్పుడు కీటకాలు, ఉభయచరాలు స్పందిస్తాయి. అయితే మగ కప్పలు అరిచేది ఆడ కప్పలను పిలవడానికి. వాన నీరు చేరాక ఆ అరుపులు మరింత హెచ్చుతాయి. రెక్కల చెదలైన ఉసిళ్ళు కూడా ఎక్కువగా వాన పడిన తరువాతే బయటకు వస్తాయి. కాబట్టి వీటిని రాబోయే వానకన్నా కురిసిన వానకు గుర్తులుగా తీసుకోవడమే సబబు.

ఋతువు మొత్తానికి చెప్పే జోస్యాల సంగతి వేరు. తీతువు పిట్ట ఎత్తైన చోట గుడ్లు పెడితే వానలు బాగా కురుస్తాయని, ఎన్ని గుడ్లు పెడితే అన్ని నెలలు వాన ఉంటుందని గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలలో నమ్ముతారు. ఈ పక్షి సాధారణంగా పెట్టేవి నాలుగు గుడ్లు, వానాకాలమూ సుమారు నాలుగు నెలలే. అందుచేత జోస్యం తప్పడం అరుదు. కానీ ఆ నాలుగు నెలల్లో ఎంత వాన పడుతుందో, మధ్యలో ఎన్నాళ్ళు ఎండగడుతుందో అది చెప్పదు.

చాతక పక్షి

వాన చినుకులు మాత్రమే తాగుతుందని కవులు వర్ణించిన చాతకం కోకిల జాతికి చెందినది. ఆఫ్రికా నుండి నైరుతి ఋతుపవనాల వేళకు ఉత్తర, మధ్య భారతానికి వస్తుంది కనుక అక్కడ దాని రాకను వర్షాకాలానికి సూచనగా భావిస్తారు. దక్షిణ భారతంలో కొన్ని చాతకాలు ఏడాది పొడవునా ఉంటాయి. అందువలన ఇక్కడ చాతకం కనబడినంత మాత్రాన దుక్కికి సిద్ధపడనక్కరలేదు.