మునిగిన లోయ, మిగిలిన కొండ

మా సోమల వైపు చెరువు నిండి మొరవ పోయే ఏడు అరుదుగా వస్తుంది. అలాంటి ఏట చెరువు నడుమ ఉన్న మిట్ట నీళ్లలో ఒంటరిగా నిలబడిపోతుంది. నిన్నటిదాకా మేకలు ఎక్కి మేసిన మిట్టకు ఇవాళ ఈదుకుంటూ పోవాలి. మిట్ట కదల్లేదు, పెరగలేదు. దాని చుట్టూ నీళ్లు చేరాయి, అంతే. సముద్రం ఎరగని మెట్టప్రాంతపు మనుషులకు దీవి అంటే ఏమిటో చెప్పడానికి ఈ మిట్ట చాలు. కృష్ణానది మీద ఉన్న నాగార్జునకొండ కూడా ఇలా పుట్టిన దీవే. ఆ చెరువు పేరు నాగార్జునసాగర్.

ఈ కొండ పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో ఉంది. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా దీవి చేరతాం. దిగగానే మెట్లు, చెట్లు, ఒక మ్యూజియం, అక్కడక్కడా ఇటుక కట్టడాలు కనిపిస్తాయి. ఎక్కువమంది ఒక చుట్టు తిరిగి, ఫొటోలు తీసుకుని, మళ్లీ లాంచీ ఎక్కేస్తారు. ఇక్కడి రాళ్లలో చాలావరకు ఈ కొండ మీద పుట్టినవి కావన్న సంగతి వాళ్లలో ఎందరికో తెలియదు.

లోయ ఎలా ఉండేది?

డ్యామ్ రాకముందు ఇది సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. మూడు వైపులా నల్లమల కొండల శాఖలు, నాలుగో వైపు కృష్ణ. కొండలు గోడలు, నది కందకం. తాగడానికి నీళ్లు, పండించుకోవడానికి నేల, సరుకు రవాణాకు నదీమార్గం, కట్టుకోవడానికి పల్నాటి సున్నపురాయి, అన్నీ ఒక్కచోటే దొరికేవి. అందుకే మనుషులు ఇక్కడ చాలా ముందునుంచే ఉన్నారు. పాత రాతియుగపు పనిముట్లు, కొత్త రాతియుగపు నివాసాలు, పెద్ద రాళ్లు పేర్చిన సమాధులు ఈ లోయలో బయటపడ్డాయి.

సాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజులు ఇక్కడే తమ రాజధానిని నిలిపారు. దాని పేరు విజయపురి. దగ్గరి కొండను శ్రీపర్వతం అనేవారు. ఈ వంశపు మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన తర్వాత వీరపురుషదత్తుడు, ఆ తర్వాత ఎహువుల శాంతమూలుడు ఏలారు. నూరేళ్లకు మించని పాలన. ఆ కాస్త కాలంలోనే లోయ నిండా స్తూపాలు, విహారాలు, గుడులు లేచాయి.

ఆడవాళ్లు కట్టించిన ఊరు

నాగార్జునకొండ శాసనాల్లో దానాలు చేసిన పేర్లు చూస్తే ఎక్కువగా ఆడవాళ్లవే కనిపిస్తాయి. రాజులు వైదిక యాగాలు చేస్తుంటే, రాణివాసం బౌద్ధ సంఘానికి కట్టడాలు కట్టించింది. ఇక్కడి పెద్ద స్తూపమైన మహాచైత్యాన్ని వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో పూర్తిచేయించింది శాంతిశ్రీ. శాసనాల్లో ఆమె పేరు ప్రాకృతంలో చాంతిసిరి. ఆమె మొదటి రాజుకు చెల్లెలో అక్కో అవుతుంది, అంటే వీరపురుషదత్తుడికి మేనత్త. ఆయన్ను ఆమె తన అల్లుడని కూడా చెప్పుకుంది. శాంతమూలుడి మరో తోబుట్టువు హమ్మసిరి కూతురు బాపిసిరి కూడా వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరు. మేనత్త కూతుర్ని చేసుకోవడం అప్పటికే రాజుల ఇళ్లలో ఉందన్నమాట. మన ఇళ్లలో నిన్నమొన్నటిదాకా నడిచిన మేనరికానికి ఇంత పాత రాతి సాక్ష్యం ఇక్కడ దొరుకుతుంది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధరభట్టారిక ఇచ్చిన దానం గురించీ ఇక్కడి శాసనం చెబుతోంది.

మహాచైత్యం అడ్డుకొలత సుమారు 106 అడుగులు. లోపల బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు వేసి, మధ్య ఖాళీల్లో మట్టి నింపి, మీద గుండ్రటి దిబ్బగా పూర్తిచేశారు. అంత ఎత్తు మట్టి పక్కలకు జారిపోకుండా పట్టుకున్నవి ఆ గోడలే. నాలుగు దిక్కులా ఒక్కో వేదిక, వేదికకు ఐదేసి స్తంభాలు. వాటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటి బోధ, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులని వాటిని చెబుతారు. ఈ స్తూపంలో బంగారు పేటికలో దాచిన చిన్న ఎముక ముక్క దొరికింది. అది ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది.

రాజవంశంతో సంబంధం లేని దాతలూ ఉన్నారు. బోధిసిరి అనే ఉపాసిక, వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో ఒక చైత్యగృహం కట్టించి, దాన్ని సింహళ భిక్షువులకు అంకితం చేసింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, దమిళ దేశాల పేర్లు ఆ శాసనంలో వరసగా వస్తాయి. ఇక్కడ సింహళ విహారం అనే పేరుతోనే ఒక విహారం ఉండేది. గుమ్మాల ముందు పరిచిన అర్ధచంద్రశిలలు అనురాధపురం వాటిని గుర్తుచేస్తాయి. రోమన్ బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. కొండల మధ్య దాగిన ఊరు లోకానికి దూరంగా ఏమీ లేదు.

బౌద్ధమే కాదు. అష్టభుజస్వామి పేరుతో విష్ణువుకు, పుష్పభద్రస్వామి పేరుతో శివుడికి, ఇంకా కార్తికేయుడికి గుడులు కట్టారు. నలువైపులా మెట్లున్న ఆటస్థలం ఒకటి, దాని పైన హారీతి గుడి ఉండేవి.

బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు ఈ కొండ మీద నివసించాడని వాడుక. కానీ ఇక్ష్వాకుల శాసనాలు ఆ మాట చెప్పవు. ఊరి అసలు పేరు విజయపురి, ఇప్పటి పేరు వెనక ఉన్నది సంప్రదాయం.

గుర్తించిన చూపు

ఇక్ష్వాకుల తర్వాత లోయ మెల్లగా అడవి పాలైంది. చాలా కాలానికి రెడ్డిరాజులు కొండ మీద కోట కట్టారు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక రాతిస్తంభాన్ని చూసి, సంగతి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనశాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు.

ఇంతలో డ్యామ్ ప్రతిపాదన వచ్చింది. నీళ్లు చేరేలోగా లోయనంతా తవ్వాలని 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దపని మొదలై 1960 దాకా సాగింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తు. లోయ, అందులోని పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు ఆ మట్టానికి కిందే ఉండిపోయాయి. అక్కడి జనం ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లారు.

ఈజిప్టులో అస్వాన్ డ్యామ్ కోసం అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968ల మధ్య కోసి, ఎత్తైన చోటికి తరలించిన సంగతి లోకమంతా ఎరుగును. దానికి పదేళ్ల ముందే మన కృష్ణ ఒడ్డున ఇలాంటి కాపుదల పని మొదలైంది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, శ్రీశైలం జలాశయం వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన సంగతి ఉంది.

దీవిలో దిగాక ఎలా చూడాలి?

ఇక్కడి పాత కట్టడాలను మూడు రకాలుగా విడదీసి చూస్తే తికమక ఉండదు. మొదటిది, మొదటినుంచీ కొండ మీదే ఉన్నది: కోటగోడ. రెండోది, లోయలోంచి పైకి తెచ్చి మళ్లీ పేర్చినవి: మహాచైత్యం, లోపల స్వస్తికపు ఇటుకపని ఉన్న స్తూపం, విహారాలు, ఒక పెద్దరాళ్ల సమాధి. మూడోది, 1966లో తెరిచిన, విహారం ఆకారంలో కట్టిన మ్యూజియంలోని శిల్పాలు, శాసనాలు. ఆటస్థలం, హారీతి గుడి మాత్రం దీవిలో ఉండవు. వాటిని నది తూర్పు ఒడ్డున అనుపు దగ్గర పేర్చారు. అవి చూడాలంటే లాంచీ దిగి, రోడ్డు మీద వెళ్లాలి.

పైకి తెచ్చిన వాటిలో ఒక స్నానఘట్టం కూడా ఉంది. ఒకప్పుడు కృష్ణ నీళ్లలోకి దిగిన ఆ రాతిమెట్లను కొండ మీద మట్టసంగా పేర్చి ఉంచారు. వాటి చివర ఇప్పుడు నది లేదు, గడ్డి ఉంది. మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే, కొండ చుట్టూ నీళ్లు కనబడతాయి. ఈ మెట్లు అసలు ఉన్న చోటు ఆ నీళ్ల అడుగున ఉంది.