చెట్టు మొదట్లో సిమెంటు వద్దు

2011 డిసెంబరు 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటినప్పుడు పుదుచ్చేరి పట్టణంలో పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. 1826 నాటి బొటానికల్ గార్డెన్‌కూ ఆ దెబ్బ తప్పలేదు. అంతటి గాలికి ఆరోగ్యమైన చెట్టు కూడా పడవచ్చు. కానీ మీ ఇంటి చెట్టును ముందే బలహీనపరుస్తున్నది మీరే కావచ్చు!

వేళ్లూ శ్వాసిస్తాయి. మట్టిరేణువుల సందుల్లోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. నీటిని గ్రహించే సన్నని వేళ్లు ఎక్కువగా పైపొర మట్టిలోనే, కొమ్మల నీడను దాటి వ్యాపిస్తాయి. వాకిలి శుభ్రంగా ఉంటుందని మొదలుదాకా సిమెంటు చేయిస్తే గాలి, వాననీరు రెండూ వాటికి అందవు. పైపు కోసం కందకం తవ్వి వేళ్లు నరికితే, ఆ వైపు చెట్టుకు పట్టు పోతుంది. వీలైనంత మట్టిని వదిలిపెట్టి, మొదలుకు ఆనకుండా ఎండుటాకులు పరచండి.