స్కాలర్‌షిప్ ఫారంలో ఆ 12 అంకెలు

హాస్టల్ తమ్ముళ్లారా! ఆధార్ ఎందుకడుగుతారని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ప్రభుత్వ సొమ్ముతో ఇచ్చే రేషను, పింఛను, స్కాలర్‌షిప్ వంటివాటికి అడగడానికి 2016 ఆధార్ చట్టం 7వ సెక్షన్ అధికారమిచ్చింది. నంబరు ఇంకా రానివారు దరఖాస్తు పెట్టుకుని వేరే గుర్తింపు చూపవచ్చనీ అందులోనే ఉంది. ఈ మాట చాలామందికి తెలియదు. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని, లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ పథకం ఆపరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న తీర్పు చెప్పింది.

మనకొచ్చే తంటా వేలిముద్రలతో. 15 ఏళ్లు నిండాక మళ్లీ ఇవ్వాలి. దివిసీమ నుంచి వచ్చిన నేను ఇవ్వలేదు; ఇంటర్‌లో ముద్ర పడక స్కాలర్‌షిప్ ఆరు నెలలు ఆగింది. పదో తరగతివాళ్లు ఈ సెలవుల్లోనే మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఆధార్ కేంద్రానికి వెళ్లి రండి.