వైద్యవిద్య విడిచి, వైద్యాలయం కట్టిన ఆటగాడు

క్రీడారంగంలో కీర్తి సాధారణంగా పాయింట్లు పెంచినవానికే దక్కుతుంది. బాస్కెట్‌బాల్ ఆటలో బంతిని వలలో వేసినవాని పేరు మరునాటి పత్రికలలో పెద్ద అక్షరాలతో కనబడుతుంది. ప్రత్యర్థి విసిరిన బంతిని వలకు చేరనీయక అడ్డుకొన్నవానికి అంతటి గణన లేదు. ఆ అడ్డుకొనే పనినే వృత్తిగా స్వీకరించి, పరదేశంలో పద్దెనిమిది క్రీడాసంవత్సరాలు ఆడి, ఆ సంపాదనతో జన్మభూమిలో ఒక వైద్యాలయం నిర్మించినవాడు డికెంబే ముటోంబో. వైద్యుడు కావలెనని బయలుదేరి, క్రీడాకారుడై, చివరకు వైద్యానికే తిరిగివచ్చిన అతని చరిత్ర ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడ ఆలోచింపదగినది.

ముటోంబో 1966 జూన్ 25న ఆఫ్రికా ఖండపు నడిబొడ్డున గల కాంగో దేశంలో, రాజధాని కిన్షాసాలో జన్మించినాడు. బెల్జియం పాలన తొలగి ఆ దేశం స్వతంత్రమై అప్పటికి ఆరేండ్లు మాత్రమే. తండ్రి శామ్యూల్ విద్యారంగంలో పనిచేసినవాడు. తల్లి పేరు బియాంబా మేరీ. పదిమంది సంతానంలో ముటోంబో ఒకడు. బాల్యంలో అతనికి మక్కువ ఫుట్‌బాల్ ఆట మీద; ఆశయం మాత్రం వైద్యవృత్తి. వైద్యులు కొరవడిన దేశంలో బుద్ధిమంతుడైన బాలునికి అట్టి కోరిక కలుగడం సహజమే.

1987లో అమెరికా ప్రభుత్వపు అంతర్జాతీయాభివృద్ధి సంస్థ ఇచ్చిన విద్యార్థి వేతనంతో అతడు వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. ఆటకొరకు కాక చదువుకొరకు లభించిన వేతనం అది. అప్పటికి అతనికి ఫ్రెంచి, స్వదేశ భాషలు వచ్చును గాని ఇంగ్లీషు అంతగా రాదు. మొదటి సంవత్సరం ఆ భాషను నేర్చుకొనడంలో గడచినది. అయితే 7 అడుగుల 2 అంగుళాల ఎత్తుగల విద్యార్థి జనసమూహంలో దాగియుండలేడు. విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడు జాన్ థాంప్సన్. పూర్వం బోస్టన్ జట్టులో, ప్రత్యర్థులను నిలువరించడంలో మేటియని పేరుపొందిన బిల్ రసెల్‌తో కలసి ఆడిన అనుభవశాలి. ఆయన జట్టులో ముటోంబోకు స్థానం లభించినది.

జట్టులో చేరిన పిమ్మట వైద్యవిద్య ఆలోచన వెనుకబడినది. వైద్యునిగా రూపొందడానికి సుదీర్ఘకాలం పట్టును. క్రీడాకారుని దేహానికి భగవంతుడిచ్చిన కాలం స్వల్పం. ఈ రెండూ ఒకచోట ఇమిడేవి కావు. కాని అతడు ఆటను చేపట్టినందున చదువును విడిచిపెట్టలేదు. భాషాశాస్త్రం, దౌత్యవిద్య అధ్యయనం చేసి 1991లో పట్టం పుచ్చుకొన్నాడు. వేసవి సెలవులలో అమెరికా శాసనసభా కార్యాలయంలోను, ప్రపంచ బ్యాంకులోను పని నేర్చుకొన్నాడు. దేశదేశాల ధనం ఎట్లు కదలునో, పెద్దల ఎదుట ఒక కార్యాన్ని ఎట్లు విన్నవించవలెనో ఎరిగియుండడం అతనికి తర్వాత అవసరమైన విద్య.

ఇక అతని ఆట విశేషం కొంత వివరింపవలసియున్నది. బాస్కెట్‌బాల్ వల తగిలించిన ఇనుపకడ్డీ నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. ప్రత్యర్థి విసిరిన బంతి పైకి పోతున్నంతసేపు దానిని చేతితో కొట్టివేయవచ్చును. బంతి కడ్డీకి పైయెత్తున క్రిందికి వంగి వల వైపు దిగుతున్నప్పుడు తాకినచో అది అపరాధం. వలలో పడినట్లే లెక్కించి పాయింట్లు ఇస్తారు. కనుక అడ్డుకొనేవానికి ఎత్తు ఒక్కటే చాలదు. ఎదుటివాని ఉద్దేశాన్ని ముందుగా పసిగట్టవలెను. అతడు ఎగిరిన పిమ్మట ఎగరవలెను. చేయి బంతికే తగలవలెను గాని మనిషికి తగులరాదు. తొందరపాటువానికి ఇది పట్టుబడే విద్య కాదు. ముటోంబో దానిని సాధన చేసినాడు. బంతిని కొట్టివేసిన వెంటనే “నా యింట ఇవి చెల్లవు” అన్నట్లుగా చూపుడువ్రేలు అటూ ఇటూ ఆడించడం అతని అలవాటు. ప్రేక్షకులు ఆ వ్రేలినే చూచి మురిసిపోయేవారు.

1991లో డెన్వర్ జట్టు అతనిని నాలుగవ ఎన్నికగా చేర్చుకొన్నది. 1994లో జరిగిన పోటీ అతని పేరును నిలిపినది. ఆ సంవత్సరం అందరికంటె ఎక్కువ విజయాలు పొందిన సియాటిల్ జట్టు మొదటి స్థానంలో ఉండగా, డెన్వర్ ఎనిమిదవ స్థానంతో దానిని ఎదుర్కొన్నది. ఐదు ఆటలలో మూడు గెలిచినవారిదే జయం. డెన్వర్ మొదటి రెండింటిలో ఓడినది; తరువాతి మూడింటిలో గెలిచినది. ఎనిమిదవ స్థానంలోని జట్టు మొదటి స్థానపు జట్టును ఓడించడం ఆ లీగు చరిత్రలో అదే ప్రథమం. ఆ ఐదు ఆటలలో ముటోంబో 31 బంతులను అడ్డుకొన్నాడు. చివరి ఆట ముగిసిన క్షణంలో అతడు నేలపై వెల్లకిల పడి, బంతిని రెండుచేతుల పైకెత్తి పట్టుకొని, ఆనందంతో కేకలు వేసిన దృశ్యం ఛాయాచిత్రంగా ఈనాటికీ ప్రసిద్ధం.

వృత్తిక్రీడాకారునికి స్థిరనివాసం అరుదు. యజమానుల ఒప్పందాలను అనుసరించి జట్టు మారవలె, ఊరు మారవలె. ముటోంబో డెన్వర్, అట్లాంటా, ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ, న్యూయార్క్, హూస్టన్ జట్లలో ఆడినాడు. 1995, 1997, 1998, 2001 సంవత్సరాలలో ఉత్తమ రక్షకుని బహుమానం అందుకొన్నాడు. అతడు అడ్డుకొన్న బంతుల మొత్తం 3,289. ఆ లీగులో అంతకు మించినవాడు నైజీరియాలో పుట్టిన హకీమ్ ఒలాజువన్ ఒక్కడే. 2009లో మోకాలికి తగిలిన దెబ్బతో నలుబది రెండవయేట అతని ఆట ముగిసినది.

ఇంత కీర్తిలోను అతనికి తీరని దుఃఖం ఒకటి కలిగినది. 1990ల చివర కాంగోలో అంతఃకలహాలు చెలరేగినవి. కిన్షాసా వీథులలో రాకపోకలు నిషేధించిన సమయంలో తల్లి బియాంబా మేరీకి జబ్బుచేసినది. ఆమెను ఆస్పత్రికి చేర్చే దారిలేక పోయినది. ఆమె ఇంటనే కన్నుమూసినది. వేలకొలది బంతులను అడ్డుకొన్న చేతులు సముద్రానికి ఆవల ఉండిపోయినవి. కుమారుడు కోటీశ్వరుడైయుండి కూడ తల్లికి ఒక వైద్యుని చూపింపలేకపోయినాడు.

1997లో అతడు తన పేర ఒక ధర్మసంస్థను నెలకొల్పినాడు. కిన్షాసా పొలిమేరలో 300 పడకల వైద్యాలయం కట్టవలెనని సంకల్పం. 2001లో శంకుస్థాపన జరిగినది గాని నిర్మాణం 2004 వరకు మొదలు కాలేదు. యుద్ధాలతో నలిగిన దూరదేశంలో కట్టడానికి విరాళమిచ్చేవారు తొలుత ముందుకు రాలేదు. అతడు మొదట తన సొమ్ము 35 లక్షల డాలర్లు పెట్టి, ఇతరులను అర్థిస్తూ తిరిగినాడు. మొత్తం వ్యయం 2 కోట్ల 90 లక్షల డాలర్లు కాగా, అందులో సగానికి మించి, అనగా ఒక కోటి 50 లక్షల డాలర్లు, అతడే ఇచ్చినాడు. 2006లో ప్రారంభోత్సవం జరిగి, 2007లో రోగుల చికిత్స ఆరంభమైనది. ఆ వైద్యాలయానికి తల్లి పేరు పెట్టినాడు.

అతని దానం అక్కడితో ఆగలేదు. అంతకుముందే, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలకు వచ్చిన స్వదేశ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు దుస్తుల ఖర్చును అతడు భరించినాడు. అనంతరం ఎంబుజీ మాయీ పట్టణంలో తండ్రి పేర ఒక పాఠశాలను స్థాపించినాడు. తల్లి పేర వైద్యం, తండ్రి పేర విద్య నిలిచినవి. 2015లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించినది. మెదడులో పెరిగిన కంతి కారణంగా 2024 సెప్టెంబరు 30న, 58వ యేట, అట్లాంటాలో మరణించినాడు.

ఈ చరిత్ర చదివి విద్యార్థులు పుస్తకాలు మూసి మైదానానికి పరుగెత్తవలెనని ఎవరూ అనరు. 7 అడుగుల ఎత్తు అభ్యాసంతో వచ్చేది కాదు. కళాశాలలలో ఆడినవారిలో వృత్తిక్రీడకు చేరగలిగినవారు బహుకొద్దిమంది. కాని తలచిన చదువు తలచినట్లు సాగని విద్యార్థి ప్రతి తరగతిలోను ఉంటాడు. వానిని చూచి, ఇతని దారి తప్పినదని తీర్పు చెప్పడం సులభం. 1991లో ముటోంబోను చూచినవారు, కాంగో ఒక వైద్యుని పోగొట్టుకొన్నదనే అనుకొనవచ్చును. ఆ లెక్క సరిపోవడానికి పదునారేండ్లు పట్టినది. అతడు చదువలేకపోయిన శాస్త్రాన్ని చదివిన వైద్యులు పనిచేయడానికి, కిన్షాసాలో 300 పడకల ఇల్లు ఒకటి లేచినది.